గోనె పరదా వెనక గున్నమ్మ

ప్రతి ఉదయం ఆరున్నరకు ఆమదాలవలస స్టేషను రోడ్డులో టీ తాగుతూ గున్నమ్మ పక్కవాళ్ల మాటలు పూర్తి చేస్తుంది. ఎవరైనా "నిన్న మా ఇంటికాడ..." అని ఒక్క క్షణం ఆగితే చాలు, "పామొచ్చిందేటి?" అని అందిస్తుంది. వచ్చింది పాము కాకపోవచ్చు, బావమరిది కావచ్చు. కానీ ఆ అందించడంలో ఎంత ధీమా ఉంటుందంటే, చెప్పేవాడు ఒక్కోసారి "అవునప్పా, పామే" అనేస్తాడు. ఇక ఆ పాము ఎంత పొడవుందో, ఎటు పోయిందో కూడా వాడే కల్పించుకోవాలి. గున్నమ్మ మాత్రం గ్లాసు బల్లమీద బోర్లించి, తేగల బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోతుంది.

ఈ అలవాటు ఆమెకు ఊరికే రాలేదు. ఇరవై ఏళ్లుగా నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పడం వల్ల వచ్చింది.

ఆమదాలవలసలో రైలు పట్టాల పక్కన మూతబడిన బియ్యం మిల్లు ఒకటుంది. మిల్లు నడిచిన రోజుల్లో దాని సిమెంటు కళ్లం మీద ధాన్యం ఆరబోయడం, కాళ్లతో తిరగేయడం గున్నమ్మ పని. మిల్లు మూతపడిన మూడో ఏట, విజయనగరంలో జరిగే పెద్ద నాటక పోటీలకు నారాయణమూర్తి మాస్టారు రాసిన నాటకం పరిశీలనలోనే వెనక్కి వచ్చేసింది. మాస్టారు రెండు రోజులు అన్నం మానేశారు. మూడో రోజు బాగా తిని, తనలాగే నాటకాలు వెనక్కి వచ్చినవాళ్లందరి చిరునామాలూ సంపాదించారు. గజపతినగరం నుంచి ఇద్దరు, పలాస నుంచి ఒకరు దొరికారు. అందరూ కలిసి ఆ ఏడాది మిల్లు కళ్లం మీద ఆడేశారు. "మిల్లు నాటకాలు" అలా మొదలయ్యాయి.

ఆ నాటకాలకు నియమాలు కొన్నే. పరిశీలన లేదు, బహుమతి లేదు, దండలూ ఉపన్యాసాలూ లేవు. ఆడాలనుకున్నవాళ్లు మిల్లు గేటు దగ్గర, ఒకప్పుడు ధాన్యం రేటు రాసే నల్లబోర్డు మీద సుద్దముక్కతో పేరు రాసుకోవాలి. ఒక్కో నాటకానికి నలభై నిమిషాలు. మాస్టారు గంట కొట్టారంటే దిగిపోవాలి, రాజు చచ్చిపోతున్నా సరే. కరెంటు లేదు కాబట్టి పొద్దు ఉండగానే అన్నీ అయిపోవాలి. ఇక రైలు వచ్చిందంటే నటులు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోవాలి. ఏడ్చేవాళ్లు ఏడుపు మొహంతో, కొట్టబోయేవాడు ఎత్తిన చెయ్యితో ఆగిపోతారు. రైలు వెళ్లిపోయాక మళ్లీ అక్కడి నుంచే. పాసింజరయితే ఫరవాలేదు. గూడ్సయితే ఎత్తిన చెయ్యి పదిహేనో పెట్టె దాటేసరికి నడుం దాకా దిగిపోతుంది.

మొదటి ఏడాది మాస్టారి నాటకంలో జమీందారు మాట మరిచిపోయి నిలబడిపోయాడు. గోనెసంచులు కుట్టి కట్టిన పరదా వెనక నుంచి ఎవరో ఆ మాటని గట్టిగా అందించారు. అందరూ వెళ్లి చూస్తే గున్నమ్మ. "నా కళ్లం మీద ఏటి సేస్తన్నారో సూద్దామని రోజూ రిహార్సలుకి వచ్చినాను, అంతే" అంది. ఆమెకు చదువు రాదు. రెండుసార్లు వింటే మాత్రం నాటకమంతా నోటికి వచ్చేస్తుంది. అప్పటి నుంచి పరదా వెనక నాలుగడుగుల చోటు ఆమెది.

ఆ చోటు నుంచి ఆమె చేసిన ఆగడాలు మాస్టారికి తెలిసినవి కొన్ని, తెలియనివి బోలెడు. ధాన్యం బ్రోకరు ధనరాజు ఒకసారి రిహార్సల్లో "గున్నమ్మప్పా, నీ గొంతు కన్నా గూడ్సు నయం" అన్నాడు. నాటకం రోజున మహారాజు వేషంలో ఉన్న ధనరాజు ఉపన్యాసం పదహారు వాక్యాల నుంచి నాలుగుకి తగ్గిపోయింది. ఆమె అందించినవి నాలుగే మరి. అయిదోదాని కోసం చెవి ఒగ్గి నిలబడ్డ మహారాజుకి "ఇంక ఎల్లిరండి" అని వినిపించింది. ఆయన "ఇంక ఎల్లిరండి" అని సభను చాలించాడు.

నటులకు ఆమె మీద కోపం నిలిచేది కాదు. ఎందుకంటే ప్రతి మాటా ముందు ఆమె చెప్పడం, తరవాత వాళ్లు అనడం ఆ బృందానికి పద్ధతైపోయింది. మాట వచ్చినా రాకపోయినా ముందు పరదా పలకాలి. ఆ పైనే నటుడి నోరు తెరుచుకుంటుంది. చూసేవాళ్లకీ అదే అలవాటు. ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది కాబట్టి వెనక కూర్చున్నవాళ్లకి కూడా ఏదీ తప్పిపోదు.

ఇంత సజావుగా సాగుతుండగా త్రినాథ్ వచ్చాడు.

త్రినాథ్ గున్నమ్మ మరిది కొడుకు. విశాఖలో నాటకరంగం మీద పీజీ చేశాడు. మాస్టారికి మోకాళ్లు పట్టేయడంతో బృందం బాధ్యత అతని చేతికి వచ్చింది. "తేమ శాతం" అని ఒక కొత్త నాటకం రాశాడు. ఒక రైతు మనిషి ధాన్యం తెస్తుంది. బ్రోకరు తేమ చూసే మిషను పెట్టి, పదిహేడు దాటింది, కొననంటాడు. ఆమె ఎండబెట్టి మళ్లీ తెస్తుంది, అతను మళ్లీ కాదంటాడు. రైతు మనిషిగా ఝాన్సీ. ఆమెకు స్టేషను రోడ్డులోనే టైలరింగ్ కొట్టుంది, రిహార్సళ్లు అందులోనే. బ్రోకరుగా ధనరాజు. "వేషం వెయ్యక్కరలేదు, లుంగీ మార్చకుండా వచ్చీ మావా" అంది ఝాన్సీ.

మొదటి రోజే త్రినాథ్ ప్రకటించాడు.

"ఈ నాటకానికి ప్రాంప్టింగ్ లేదు. అందరూ కంఠస్థం చెయ్యాలి. చూసేవాళ్లకి ఒక్క గొంతే వినబడాలి."

గున్నమ్మ కొట్టు గుమ్మంలో కూర్చుని ఉంది. "మరి నానేటి సెయ్యాలి?" అంది.

"నువ్వు ముందు వరసలో కూచుని హాయిగా చూడు పెద్దమ్మా. ఇన్నేళ్లు కష్టపడ్డావు కదా."

"నాను కష్టపడినానని నీకెవులు సెప్పినారు?"

"అది కాదు పెద్దమ్మా. నువ్వు మాటలు మార్చేస్తావు. పోయినేడు మాస్టారి నాటకంలో హీరో చచ్చిపోవాలి. నువ్వు చావనివ్వలేదు."

"ఇద్దరు ఆడపిల్లల తండ్రిరా ఆడు. ఎలా సంపీమంటావు?"

"నాటకంలో!"

"నాటకంలోనే ఇద్దరాడపిల్లలు."

త్రినాథ్ తల పట్టుకున్నాడు. "ఒక్క మాట ఇవ్వు. ఆ రోజు నువ్వు నోరు ఇప్పకూడదు."

అతని వైపు కూడా న్యాయం లేకపోలేదు. రాసినవాడికి తన మాట తను రాసినట్టే వినాలని ఉంటుంది. పైగా విజయనగరం నుంచి సుహాసిని అనే లెక్చరరు ఈసారి నాటకాలు చూడడానికి వస్తున్నారు. నచ్చిన నాటకాన్ని తమ కాలేజీకి పిలుస్తారు. ఇరవై ఏళ్లలో మిల్లు దాటి వెళ్లిన నాటకం ఒక్కటీ లేదు.

కానీ గున్నమ్మ సంగతి వేరు. బజారులో ఆమె తేగలమ్మే ముసలిది. వేసవి వస్తే ముంజలమ్మే ముసలిది. "కట్ట ఎంత?" అనడం తప్ప ఆమెతో ఎవరూ ఏమీ అనరు. పరదా వెనక ఉన్నప్పుడు మాత్రం మహారాజులూ జమీందార్లూ ఆమె నోటి కోసం చెవి ఒగ్గి నిలబడతారు. ఆ నాలుగడుగుల చోటు పోతే ఆమెకు మిగిలేది బుట్ట. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. "సరే, ఇప్పను" అని మాత్రం అంది.

అయినా రిహార్సళ్లకు రావడం మానలేదు. రోజూ సాయంత్రం వచ్చి కొట్టు గుమ్మంలో కూర్చునేది. నాలుగో రోజున ఆమెకు ఒక విషయం కనబడింది. త్రినాథ్ కాగితాలు పట్టుకుని ఎదురుగా నిలబడి, "ఊఁ, ఝాన్సీ... బాబూ, ఈ ధాన్యం..." అంటాడు. ఝాన్సీ అందుకుని మాటంతా చెప్పేస్తుంది. "ధనరాజు బావా, ఎండబెట్టినా..." అంటాడు. ధనరాజు అందుకుంటాడు. నటులకు ప్రతి అక్షరమూ వచ్చు. కానీ ప్రతి మాటకీ ముందు త్రినాథ్ గొంతు పలుకుతోంది. తాను ప్రాంప్టింగ్ చెబుతున్నానని అతనికే తెలియదు.

గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటత్తా, నీలో నువ్వే నవ్వుతన్నావు?" అంది ఝాన్సీ.

"ఏటీ నేదమ్మా. ఆ జాకెట్టుకి కాజాలు బాగా కుట్టినావు."

మంచి మనిషయితే ఆ క్షణానే చెప్పేసి ఉండేది. గున్నమ్మ ఇంకా ముప్పై ఆరు రోజులు ఆ గుమ్మంలోనే కూర్చుంది, చెప్పలేదు.

నాటకం చివర త్రినాథ్ ఒక మౌనం పెట్టాడు. రైతు మనిషీ బ్రోకరూ ఒకరినొకరు చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడాలి. అంతే, నాటకం అయిపోతుంది. "ఆ మౌనంలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది" అని కొట్లో అందరికీ వివరించాడు. ధనరాజు గంభీరంగా తలూపాడు. అతనికి ఆ రెండు నిమిషాలూ కాళ్లు నొప్పి పుట్టేవి. గున్నమ్మకైతే రెండు నిమిషాల జాగా బీడు పెట్టేసినట్టనిపించింది.

ఫిబ్రవరి వచ్చింది, మిల్లు నాటకాలు మొదలయ్యాయి. రెండో రోజు మూడున్నరకు "తేమ శాతం". కళ్లం చుట్టూ నాలుగు వందల మంది, సగానికి పైగా రైతులే. త్రినాథ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో సుహాసిని గారి పక్కన కూర్చున్నాడు. దర్శకుడు ప్రేక్షకుల్లో ఉండాలని అతను చదువుకున్నాడు. వాళ్ల వెనకే గున్నమ్మ ఒక గోనె పరుచుకుని కూర్చుంది. ఇచ్చిన మాట తప్పకుండా ఉండడానికి ఒక చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని పెదవులు బిగించింది. సుహాసిని గారు అడ్డపొగ అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒకసారి వెనక్కి తిరిగి, మర్యాదగా మళ్లీ ముందుకు తిరిగారు.

గంట మోగింది. ధనరాజు వచ్చి కాటా పక్కన నిలబడ్డాడు. ఝాన్సీ బస్తా మోసుకొచ్చి దించింది. నోరు తెరిచింది. చెవి పరదా వైపు తిప్పింది. పరదా పలకలేదు.

ఝాన్సీ అలాగే ఉండిపోయింది. ధనరాజు అలాగే ఉండిపోయాడు.

జనమంతా పట్టాల వైపు తిరిగారు.

"ఏ బండిది?"

"పలాస పాసింజరు గావాల."

"అది రెండింటికే ఎల్లిపోనాది గదా."

"మరైతే గూడ్సు. ఈల్లు బిగిసిపోనారు, సూడు."

ఒక ముసలమ్మ ముందుజాగ్రత్తగా చంటిదాని చెవులు మూసింది. రైలు రాలేదు. సుహాసిని గారు "ఆరంభంలోనే మంచి నిశ్శబ్దం" అని మెల్లగా మెచ్చుకున్నారు. త్రినాథ్ నవ్వాడు. ఒక నిమిషం గడిచేసరికి ఆ నవ్వు మొహం మీద ఎండిపోయింది. అప్పటికి అతనికి అర్థమైంది. లేచి, వంగుని పరుగెత్తి, పరదా వెనక దూరాడు.

"బాబూ, ఈ ధాన్యం మూడుసార్లు ఎండబెట్టాను" అని వినిపించింది. ఝాన్సీకి ప్రాణం వచ్చింది. అదే మాట కన్నీళ్లతో అంది. ధనరాజు జవాబిచ్చాడు. నాటకం కదిలింది. ఒక అయిదు నిమిషాలు బాగానే నడిచింది.

అప్పుడు నిజంగానే గూడ్సు వచ్చింది. పద్ధతి ప్రకారం అందరూ బిగుసుకున్నారు. యాభై ఎనిమిది పెట్టెల గాలికి పరదా లేచింది, త్రినాథ్ చేతిలోని కాగితాలూ లేచాయి. రైలు చప్పుడు ఆగగానే పరదా వెనక నుంచి అతని గొంతు వినబడింది.

"ఒరే ఆగండి, కాగితాలు ఎగిరిపోయాయి!"

ధనరాజు ఝాన్సీ వైపు వేలు చూపించి, బ్రోకరు గాంభీర్యంతో అన్నాడు. "ఒరే ఆగండి. కాగితాలు ఎగిరిపోయాయి."

"అయ్యో, అది కాదు!" అంది పరదా.

"అయ్యో, అది కాదు!" అని ఝాన్సీ గుండెలు బాదుకుంది.

"నోర్ముయ్యండి ఇద్దరూ!"

ఇది ఎవరి మాటో తెలియక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఏకకంఠంతో అన్నారు. "నోర్ముయ్యండి ఇద్దరూ!"

కళ్లం దద్దరిల్లింది. "పాసుబుక్కు కాగితాలు ఎగిరిపోనాయి గావాల. మా తమ్ముడికీ అలాగే సెప్పినారు" అని ఒక రైతు పక్కవాడికి కథ విడమరిచి చెప్పాడు. గున్నమ్మ పెదవులు మాత్రం బిగించే ఉన్నాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పొగకో మరెందుకో.

త్రినాథ్ పరదా వెనక నుంచి వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ పోయింది. "పెద్దమ్మా, రా."

ఆమె నోరు చూపించింది.

"తెలుసు. నేనే ఇప్పొద్దన్నాను. తప్పయిపోయింది."

గున్నమ్మ చుట్ట తీసి, నిదానంగా నుసి దులిపింది. "ఏటీ? వినపళ్లేదు."

"తప్పయిపోనాది పెద్దమ్మా!"

"గట్టిగా సెప్పరా, ఎనకోలకి వినపళ్లేదు!" అని ఎవరో అరిచారు.

"పరదా ఎనక గోనె దుమ్మురా. దగ్గొస్తాది. ఇకమీద నాను ముందరే, అందరికీ కనబడేలా కూసుంటాను" అంది గున్నమ్మ.

"కూచో."

"అయితే నువ్వు రాసిందాంట్లో ఒక్క ముక్క మార్చను. సరేనా?"

ఇది అతను అనుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. మాస్టారు మోకాళ్లు పట్టుకుంటూ లేచి, తన స్టూలు తెచ్చి కళ్లం మీద వేశారు. గంట మాత్రం చేతిలోనే ఉంచుకున్నారు.

గున్నమ్మ కొంగు దోపుకుని స్టూలు మీద కూర్చుంది. నలభై రోజులు గుమ్మంలో విన్నదంతా వరసగా అందించింది. నిజంగానే ఒక్క ముక్క మార్చలేదు. ముందు ఆమె చప్పగా, బేరం చెప్పినట్టు అనేది. జనం నవ్వేవారు. అదే మాట ఝాన్సీ అనేసరికి నవ్వినవాళ్లే ఊరుకునేవారు. మూడోసారి బస్తా వెనక్కి మోసుకుపోయేటప్పుడు, పాసుబుక్కు కథ విడమరిచిన రైతు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

చివరికి మౌనం వచ్చింది. ఝాన్సీ, ధనరాజు ఎదురెదురుగా నిలబడ్డారు. త్రినాథ్ ఊపిరి బిగబట్టాడు. గున్నమ్మ లోలోపల పది దాకా లెక్కపెట్టింది. ఇంక ఆగలేకపోయింది.

"ఆ మిషను నా మీద కూడా పెట్టి సూడమ్మా" అని ధనరాజుకి అందించింది.

ఇరవై ఏళ్ల అలవాటు. ధనరాజు నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ మిషను నా మీద కూడా పెట్టి సూడమ్మా" అన్నాడు. అన్నాక కళ్లు పెద్దవి చేశాడు.

ఝాన్సీ మిషను తీసి అతని పొట్టకి ఆనించింది. అది ధనరాజు సొంత మిషనే, నాటకం కోసం షాపు నుంచి తెచ్చాడు.

"పదిహేడు దాటింది. కొనం. ఎండబెట్టి తీసుకురండి" అంది గున్నమ్మ.

"పదిహేడు దాటింది. కొనం. ఎండబెట్టి తీసుకురండి!" అంది ఝాన్సీ. ఆ ఏడాదంతటిలో ఆమె అంత సంతోషంగా పలికిన మాట ఇంకొకటి లేదు.

ముందు వరసలోంచి అయిదుగురు రైతులు లేచారు. వాళ్లకు ఎవరూ ఏమీ అందించలేదు. ధనరాజుని భుజాలూ కాళ్లూ పట్టి ఎత్తి, కళ్లం మధ్యలో ఎండ బాగా పడే చోట వెల్లకిలా ఆరబోశారు.

"ఒరే, నాటకంరా! నాటకం!" అన్నాడు ధనరాజు.

"మాకూ తెలుసు బావా. ఒక్క పావుగంట ఓపిక పట్టు."

"ఇటు పక్క ఆరినాది. తిరగేయండి!"

ధాన్యం తిరగేసినట్టే కాళ్లతో మెల్లగా దొర్లించి బోర్లా తిప్పారు. మొదట తిట్టిన ధనరాజు రెండో దొర్లింపుకి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి పొట్ట ఊగుతుంటే "ఇంకా తేమున్నాది, ఇంకా తేమున్నాది" అని కేకలు. మాస్టారు గంట కొట్టారు. ఎవరూ దిగలేదు. ఇరవై ఏళ్లలో గంటకి ఆగని నాటకం అదొక్కటే.

జనం సద్దుమణిగాక సుహాసిని గారు త్రినాథ్ దగ్గరికి వచ్చారు. "ప్రాంప్టరుని వేదిక మీదికి తేవడం బాగుంది. కానీ ఆ ముగింపు... ఆ మిషను ఆయన మీదే పెట్టడం... అది ఎవరు రాశారు?"

త్రినాథ్ ఒక్క క్షణం ఆగాడు. అతని వెనకే బుట్ట సర్దుకుంటున్న గున్నమ్మకి ఆగిన మాట చెవిలో పడింది. పెదవులు పెద్దగా కదపకుండా అందించింది. "నువ్వే రాసినావని సెప్పు."

ఆ రోజు ఆ కళ్లం మీద ఆమె అందించిన మాటను తిరిగి అననివాడు అతనొక్కడే.

"మా పెద్దమ్మ" అన్నాడు. "నేను అక్కడ ఏమీ రాయలేదండీ. ఖాళీ వదిలేశాను."

"ఈడు రాసిందాంట్లో ఒక్క ముక్క మార్చలేదమ్మా" అంది గున్నమ్మ చప్పున. "అడగండి కావలిస్తే."

"తేమ శాతం" ఆ మార్చిలో విజయనగరం వెళ్లింది. ధనరాజుని అక్కడ కాలేజీ మెట్ల మీద ఎండబెట్టారు. గున్నమ్మకు ఇప్పుడు అరవై మూడేళ్లు. మంగళ, శుక్రవారాల్లో మూడింటికల్లా బేరం కట్టేసి ఝాన్సీ కొట్టుకి వచ్చి కొత్త నాటకం చెబుతుంది, త్రినాథ్ రాసుకుంటాడు.